ఐదు నిమిషాల గంట

ఆ రోజుకి గణాంక శాస్త్రం మేష్టారు పెట్టుకున్న పనులు రెండే రెండు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒక పరీక్ష జరిపించడం, సాయంత్రం ఏడింటికి ఇంట్లో బావమరిదితో కలిసి భోంచెయ్యడం. మొదటిది ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి దాని గురించి ఆయనకు బెంగ లేదు. రెండోది జరిగి ఎనిమిది నెలలైంది.

బావమరిది అదే విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాఖకు పెద్ద. పిల్లలూ పెద్దలూ అందరూ పీడీ అనే పిలుస్తారు. మెళ్లో ఈల లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. మేష్టారి లెక్కలో విశ్వవిద్యాలయమంటే తరగతి గదులు, గ్రంథాలయం, పరీక్షల విభాగం. వాటి మధ్య ఇంకా ఏమీ కట్టకుండా మిగిలిపోయిన జాగా మైదానం. పీడీ లెక్కలో మైదానమే విశ్వవిద్యాలయం. చుట్టూ ఉన్న మేడలు సాయంత్రంపూట దానికి నీడ పడటానికి కట్టినవి.

ఇన్నేళ్లూ ఎలాగో నెట్టుకొచ్చిన ఈ చుట్టరికం ఎనిమిది నెలల కిందట హాజరు పట్టిక దగ్గర తెగిపోయింది. పోటీలకు వెళ్లిన రోజులన్నిటికీ ఒక అమ్మాయికి హాజరు వెయ్యాలన్నాడు పీడీ.

"బెంచీలో కనబడని మనిషికి హాజరెలా వేస్తానోయ్?" అన్నారు మేష్టారు.

"మెళ్లో పతకం కనబడుతోందిగా బావా!"

"అయితే ఆ పతకాన్నే పంపించు. బెంచీలో కూర్చోబెట్టి దానికి వేస్తాను."

అప్పట్నుంచి మాటల్లేవు. మధ్యలో నలిగిపోయింది మేష్టారి భార్య. తమ్ముణ్ని వదులుకోలేదు, భర్తను మార్చలేదు. ఎనిమిది నెలలు ఇద్దరికీ విడివిడిగా నచ్చజెప్పి, బతిమాలి, చివరికి ఒక పూటంతా అలిగి, మొత్తానికి ఈ భోజనం కుదిర్చింది.

"ఏమండీ, ఈ ఒక్కరోజు తమ్ముడితో గొడవ పెట్టుకోకండి" అంది ఆ పొద్దున కాఫీ ఇస్తూ.

"గొడవెక్కడే? వాడు గ్రౌండులో ఉంటాడు, నేను హాల్లో ఉంటాను."

"ఆ పిల్ల రెండుచోట్లా ఉంటుంది కదా. అదీ నా భయం."

ఆవిడ అన్న ఆ పిల్లకు, హాజరు గొడవ వచ్చిన ఆ అమ్మాయికే, మైదానంలో 'బాణం' అని పేరు. పదిహేను వందల మీటర్ల పరుగులో ఆ విశ్వవిద్యాలయంలో ఆమె వెనక దుమ్ము తిననివాళ్లు లేరు. ఆటల కోటాలో సీటు, దాంతోపాటే హాస్టలు, ఫీజు మాఫీ. అయితే అన్ని పేపర్లూ పాసైనా గణాంక శాస్త్రం ఒక్కటి ఆమెకు కొరుకుడు పడలేదు. మూడుసార్లు రాసింది, మూడుసార్లూ తప్పింది. ఇవాళ నాలుగోసారి. ఐదోసారి లేదు. తప్పితే డిగ్రీ పోతుంది. ఆ సాయంత్రమే నాలుగు గంటలకు జాతీయ పోటీలకు ఎంపిక పందెం, అక్కడ మొదట వచ్చిన ఒక్కరికే అవకాశం. రాకపోతే సీటు పోతుంది. పొద్దున ఒక గండం, సాయంత్రం ఒక గండం, మధ్యలో నాలుగు గంటల విరామం. ఏర్పాటు మాత్రం సక్రమంగానే ఉంది.

ఆ పిల్ల విషయంలో మేష్టారి మనసులో ఒక ముల్లుంది. మొదటిసారి పరీక్షలో ఆమె చకచకా రాసుకుపోతుండగా ఆయన ఐదు నిమిషాల గంట కొట్టారు. పరీక్ష ముగియడానికి ఇంకా ఐదు నిమిషాలుందని చెప్పే హెచ్చరిక గంట అది. ఆ పిల్ల అదే ఆఖరి గంట అనుకుని, తుపాకీ పేలిన చప్పుడు విన్నదానిలా లేచి, పేపరు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. మూడు మార్కుల్లో తప్పింది. అభ్యర్థితో మాట్లాడకూడదన్న నియమం గుర్తొచ్చి మేష్టారు నోరు విప్పలేదు. తరవాతి రెండుసార్లూ ఆమె పోటీల నుంచి నేరుగా రైలు దిగి వచ్చి, బెంచీమీద తలపెట్టి నిద్రపోయింది. రెండుసార్లూ ఆమెను లేపింది ఆ గంటే.

ఆ గంట మేష్టారి సొంతం. పరీక్షల మేడలో చివరిదైన పద్నాలుగో నంబరు గదికి పెద్ద గంట వినబడదని ఆయన ఇత్తడి చేతిగంట ఒకటి కొనుక్కున్నారు. దేనికైనా సరే, గడువు ఐదు నిమిషాల్లోకి వచ్చిందంటే ఆయన చెయ్యి తనంతట తనే గంటమీదికి పోతుంది. ఒకసారి సభలో వైస్ ఛాన్సలరుగారి ఉపన్యాసానికి కూడా మోగించి మెమో పుచ్చుకున్నారు. ఉపన్యాసం మాత్రం ఐదు నిమిషాల్లో ముగిసింది.

తొమ్మిదికి పది నిమిషాల ముందు బాణం వచ్చింది. కాళ్లకు పరుగు బూట్లు, బనీనుకు గుచ్చిన గుడ్డ మీద '41' అన్న అంకె.

"ఇదేంటమ్మా?"

"పందెం నంబరు సార్. పొద్దున్నే ఇచ్చేశారు."

"ఒంటిమీద, బట్టలమీద అంకెలు రాసుకుని హాల్లోకి రాకూడదు. తిప్పి పెట్టుకో."

ఆమె మారుమాట్లాడకుండా గుడ్డను లోపలివైపుకి తిప్పి మళ్లీ పిన్నీసులు పెట్టుకుంది. మేష్టారు కవరు చింపి ప్రశ్నపత్రం ఇచ్చారు. పద్నాలుగో గదిలో ఇరవై బెంచీలు, ఒక అభ్యర్థి, ఒక ఇన్విజిలేటరు, గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక అటెండరు. కిటికీలోంచి చూస్తే మైదానం. మేష్టారు కిటికీకి వీపుపెట్టి కూర్చున్నారు.

తొమ్మిదీ నలభైకి ఏం జరిగిందంటే, మధ్యాహ్నం నుంచి పెద్ద వాన పడుతుందని వాతావరణ శాఖ ప్రకటించింది. పోటీల నిర్వాహకులు హడావిడిగా సమావేశమై, నాలుగింటి పందేన్ని పదిన్నరకు జరిపేశారు. పీడీ కాలుకాలిన పిల్లిలా పరీక్షల మేడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పరీక్ష జరుగుతుంటే బావగారి సెల్‌ఫోను బీరువాలో ఉంటుందని అతనికి తెలుసు. అక్కకు చేశాడు.

"నన్నేం చెయ్యమంటావురా? నేను వెళ్తే నన్ను మాత్రం లోపలికి రానిస్తారా?" అంది ఆవిడ. "నువ్వు మాత్రం ఆ గది జోలికి వెళ్లకు. సాయంత్రం నీకిష్టమైనవన్నీ వండుతున్నాను."

పీడీ వెళ్లకుండా ఉండటానికి రెండు నిమిషాలు ప్రయత్నించాడు. పందెం టైము మారిన సంగతి మైకు చెబుతుంది, ఆ పిల్ల వింటుంది. కానీ ఎండ పందేనికి వేసిన లెక్క చల్లటి పొద్దుటికి పనికిరాదు. ఏ చుట్టు ఎన్ని సెకన్లలో పూర్తి చెయ్యాలో కొత్త లెక్క ఎవరు చెబుతారు? జేబులోంచి చీటీ తీసి నాలుగు అంకెలు రాశాడు. కిటికీ దగ్గరికొచ్చి ఉండచుట్టి లోపలికి విసిరాడు. అతను విసిరిన వస్తువు గురి తప్పడం ఎన్నడూ లేదు. ఇవాళ తప్పింది. చీటీ వచ్చి మేష్టారి పాదాల దగ్గర పడింది.

ముప్పై ఏళ్లలో మేష్టారి హాల్లో చీటీ దొరకడం అదే మొదలు. విప్పారు. '56, 76, 75, 73.' ఇంకేమీ లేదు. గణాంక శాస్త్రం మనిషికి నాలుగు అంకెలు చూపిస్తే ఏం చేస్తాడో ఆయనా అదే చేశారు. కూడి నాలుగుతో భాగించారు. డెబ్బై. ప్రశ్నపత్రం తిరగేశారు. మూడో ప్రశ్న: ఒక వస్తువు తయారుచెయ్యడానికి కార్మికులకు పట్టే సగటు సెకన్లు కనుక్కోండి. జవాబు డెబ్బై.

మేష్టారు చీటీని మళ్లీ చూశారు. అంతకంటే పెద్ద సంగతి ఆ తరవాత కంటబడింది. ఏడు అంకెకు నడుమ్మీద అడ్డగీత గీసే మనిషి ఆయన ఎరుకలో ఒక్కడే ఉన్నాడు. పెళ్లయిన కొత్తలో అక్కకు రాసిన ఉత్తరాల మీద తారీఖుల్లో, ఇంట్లో గోడమీద పెన్సిలుతో రాసిన ఫోను నంబర్లలో ఆ గీతను పాతికేళ్లుగా చూస్తున్నారు. సాయంత్రం ఏడింటి భోజనం ఆయన కళ్లముందు ఆవిరైపోయింది.

అయినా నియమం నియమమే. సొరుగులోంచి అక్రమాల ఫారం తీశారు. 'బయటినుంచి సహకరించిన వ్యక్తి' అన్నచోట పీడీ పేరు రాశారు. 'సదరు వ్యక్తికి ఇన్విజిలేటరుతో బంధుత్వం ఉన్నచో' అని ఇంకో గడి ఉంది. కలం కాసేపు గాల్లో ఆగింది. 'సొంత బావమరిది' అని రాసి కింద గీత గీశారు. 'సొంత' అక్కర్లేదని గీత గీశాక తోచింది.

బాణం ఇవేవీ చూడలేదు. తల వంచుకుని రాస్తూనే ఉంది. అదే మేష్టారికి బాధగా ఉంది. పిల్ల తెలివైనదని ఆయనకు మొదట్నుంచీ తెలుసు. ఈసారి పాసవుతుందనే అనుకున్నారు, పాసవ్వాలని కోరుకున్నారు కూడా.

"వెళ్లి కంట్రోలరుగారిని పిలుచుకురా" అని అటెండరుకు చెప్పారు గొంతు తగ్గించి. "ఆయనొచ్చేదాకా అభ్యర్థిని రాయనివ్వాలి. అది కూడా నియమమే."

అటెండరు వెళ్లిన పావుగంటకు మైదానంలో మైకు గొంతు సవరించుకుంది. "మహిళల పదిహేను వందల మీటర్ల ఎంపిక పందెం, పదిన్నరకు! పాల్గొనేవాళ్లు వెంటనే గీత దగ్గరకు రావాలి!"

బాణం చేతిలో కలం ఆగిపోయింది. కిటికీవైపు చూసింది, గోడ గడియారం చూసింది, మేష్టారిని చూసింది. రెండు నిమిషాలు అలాగే కూర్చుని, ఒక లెక్క పూర్తిచేసి, లేచి నిలబడింది.

"సార్, పది నిమిషాలు బయటికి వెళ్లొస్తాను."

పదిహేడో నియమం మేష్టారికి కంఠోపాఠం. 'అభ్యర్థి కోరినచో ఒక పర్యాయం, పది నిమిషాలకు మించకుండా, బయటికి అనుమతించవలెను. ఇన్విజిలేటరు వెంట వెళ్లవలెను. అభ్యర్థి కనుచూపు దాటరాదు. కారణం అడగరాదు.' ఆ ఆఖరి ముక్క చేర్పించింది మేష్టారే. ఇరవయ్యేళ్ల కిందట ఒక పెద్దమనిషి నిండు హాల్లో ఒక ఆడపిల్లను 'ఎందుకు, ఎందుకు' అని గుచ్చిగుచ్చి అడిగి ఏడిపించాడు. ఆ రోజు మేష్టారు కోపంతో రాసిన వాక్యమది.

ఇప్పుడా వాక్యం వచ్చి ఆయన ఎదురుగానే నిలబడింది. కారణం తెలుసు, మైకే చెప్పింది. కానీ అడగకూడదు. అడక్కుండా తెలిసిన కారణాన్ని ఏం చెయ్యాలో నియమాల్లో లేదు.

"పది నిమిషాలే" అన్నారు మేష్టారు.

"తెలుసు సార్."

జవాబు పత్రాన్ని ఒంటరిగా వదిలి వెళ్లకూడదు. దాన్ని చంకలో పెట్టుకున్నారు. ప్రశ్నపత్రం, చీటీ, అక్రమాల ఫారం కూడా పెట్టుకున్నారు. అలవాటుగా గంట చేతిలోకి తీసుకున్నారు. చేతి గడియారంలో ముల్లు చూసి పదీ ఇరవయ్యేడు అని ఫారం వెనక రాసుకున్నారు. బాణం నడిచింది. నడకే అయినా మేష్టారు ఆమెను అందుకోవడానికి పరుగెత్తాల్సి వచ్చింది.

మైదానం గేటు దగ్గర అట్టకు కాగితాలు తగిలించుకున్న నిర్వాహకుడు ఒకడు కిందామీదా పడుతున్నాడు. టైము ముందుకు జరపడంతో గంట కొట్టవలసిన మనిషి రాలేదు. మేష్టారి చేతిలో గంట చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య, వచ్చారా సార్! గంట కూడా మీరే తెచ్చుకున్నారా, బతికించారు!"

"నేను ఇన్విజిలేటర్ని."

"ఎవరైనా ఒకటే సార్, వెళ్లి ఆ గీత దగ్గర నిలబడండి, ప్లీజ్."

మేష్టారు చుట్టూ చూశారు. అక్కడినుంచైతే మైదానం మొత్తం కనబడుతుంది. అభ్యర్థి ఎక్కడున్నా కనుచూపు దాటదు. వెళ్లి నిలబడ్డారు. ఇరవయ్యేళ్లలో ఆయన మైదానంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అక్కడ గంటకు కూడా ఒక అర్థముంటుందని ఆయనకు తెలియదు. పరుగు పందెంలో ఆఖరి చుట్టు మొదలయ్యేటప్పుడు గంట కొడతారు. ఆ గంట విన్నాక ఒంట్లో ఉన్న శక్తంతా ఊడ్చి పెట్టి పరుగెత్తడం పరుగెత్తేవాళ్ల పద్ధతి.

అవతలి అంచు నుంచి పీడీ గీత దగ్గర బావగారిని చూశాడు. చంకలో కాగితాలూ, చేతిలో గంటా చూశాడు. పిల్లను రెక్కపట్టి లాక్కుపోవడానికే వచ్చాడనుకుని గడ్డికి అడ్డంపడి పరుగెత్తాడు. సగం దూరం రాకముందే తుపాకీ పేలింది.

ఏడుగురు అమ్మాయిలు బయల్దేరారు. గది వదిలి రెండు నిమిషాల నలభై ఏడు సెకన్లయిందని మేష్టారు చూసుకున్నారు. అభ్యర్థి బయట ఉన్నంతసేపూ కాలం నమోదు చెయ్యడం పద్ధతి కాబట్టి ఆమె తన ముందునుంచి వెళ్లినప్పుడల్లా సెకన్లు రాసుకున్నారు. మొదటి మూడొందల మీటర్లకు యాభైయేడు. తరవాతి చుట్టుకు డెబ్బయ్యారు. బాణం నాలుగో స్థానంలో నింపాదిగా పోతోంది. ఇంకా రెండు చుట్లున్నాయి.

సరిగ్గా అప్పుడు మేష్టారి గడియారంలో ఐదు నిమిషాలు పూర్తయ్యాయి. అంటే గడువు ఇంకా ఐదు నిమిషాలే. ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. ముప్పై ఏళ్లుగా కొడుతున్నట్టే గంట కొట్టింది, ఖంగుఖంగుమని, హాలు చివరి బెంచీకి వినబడేలా.

ఆరుగురు అమ్మాయిలు ఒక్కసారి విరుచుకుపడ్డారు. మొదటి అమ్మాయి కాళ్లు నేలమీద ఉన్నాయా లేదా అన్నట్టు పోయింది. ఆమె వెనక ఐదుగురూ పళ్లబిగువున తరుముకున్నారు.

"బావా! కొంప ముంచావ్!" అని మైదానం నడిమధ్యన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు పీడీ.

బాణం మాత్రం ఏమీ జరగనట్టు అదే వేగంతో పరుగెత్తింది. చూస్తుండగానే అందరికంటే యాభై అడుగులు వెనకబడింది. ఆ ఆరుగురూ చుట్టు తిరిగొచ్చి గీత దాటి, చేతులు పైకెత్తి, నేలమీద వెల్లకిలా పడిపోయారు. ఒక కోచ్ తన అమ్మాయిని భుజాలమీదికి కూడా ఎత్తుకున్నాడు. బాణం పడున్నవాళ్లను తప్పించుకుంటూ వచ్చి, గీత దాటి, ఆగకుండా ముందుకు పోయింది.

"ఏయ్, అయిపోయింది! ఆగు!" అని అరిచాడు అట్ట మనిషి.

ఆమె వినలేదు. ఖాళీ మైదానంలో ఒక్కతే ఇంకో చుట్టు పూర్తిచేసి, గీత దాటి, తిన్నగా మేష్టారి దగ్గరకొచ్చి ఆగింది.

"ఎంతైంది సార్?"

"ఏడు నిమిషాల ఇరవయ్యేడు సెకన్లు. పద."

ఇద్దరూ గేటువైపు నడిచారు. అభ్యర్థి ముందు, ఇన్విజిలేటరు వెనక. వాళ్ల వెనక పీడీ, పీడీ వెనక నిర్వాహకుడు, ఆ వెనక నలుగురు కోచ్‌లు.

"బావా, ఒక్క నిమిషం ఆగు!"

"పరీక్ష జరుగుతోంది. అభ్యర్థితో మాట్లాడకూడదు."

"నీతో మాట్లాడాలి!"

"ఇన్విజిలేటరుతో కూడా మాట్లాడకూడదు."

పద్నాలుగో గదిలో కంట్రోలరుగారు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నారు. దేన్నయినా రెండుసార్లు చదివితే గానీ నమ్మని మనిషి ఆయన. చీటీ దొరికిందని కబురొస్తే వచ్చారు. వచ్చి చూస్తే చీటీ లేదు. 'అభ్యర్థి లేదు. జవాబు పత్రం లేదు. ఇన్విజిలేటరు లేడు' అని నివేదిక రాసి, రెండోసారి చదువుకుంటుండగా ముగ్గురూ, అంటే అభ్యర్థి, జవాబు పత్రం, ఇన్విజిలేటరు, గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"తొమ్మిది నిమిషాల నలభై ఏడు సెకన్లు" అన్నారు మేష్టారు, ఆయాసపడుతూ. బాణం చెమట తుడుచుకుని, బెంచీలో కూర్చుని, నాలుగో ప్రశ్న మొదలుపెట్టింది.

విచారణ గుమ్మంలోనే నిలబడి జరిగింది, అభ్యర్థి కనుచూపు దాటకూడదు కాబట్టి. కంట్రోలరుగారు ఫారం చదివారు. బంధుత్వం గడి దగ్గర ఆగి రెండోసారి చదివారు.

"ఈ అంకెలు నీవేనా?" అని పీడీని అడిగారు.

"నావే సార్. చుట్టుకు ఇన్ని సెకన్లని రాశాను. నాకు మూడో ప్రశ్నేంటో కూడా తెలీదు. ఆ మాటకొస్తే రెండో ప్రశ్నా తెలీదు." పీడీ బావగారివైపు తిరిగాడు. "నేను పేపరు అందిస్తాననుకున్నావా బావా? నా పిల్లలకి నేను నేర్పేది అదేననుకున్నావా?"

మేష్టారు ఫారం తీసుకుని వెనక్కి తిప్పి కంట్రోలరుగారికి చూపించారు. తను రాసుకున్న లెక్క అక్కడుంది: 57, 76, 74, 73. చీటీలో అంకెలకూ వీటికీ తేడా అటూ ఇటూ ఒక్కొక్క సెకను.

"ఆ పిల్ల చీటీ చూడలేదు. చూడకుండానే ఇలా పరుగెత్తింది" అన్నారు మేష్టారు. "వీటి సగటు కూడా డెబ్బయ్యే. సగటు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటే అనుకోవడం మొదటేడు పిల్లలు చేసే తప్పు. ఏటా మార్కులు కోస్తాను దానికి. ఇవాళ నేనే చేశాను." "తప్పు నాదేనోయ్" అన్నారు బావమరిదితో. ఎనిమిది నెలల తరవాత, నియమాలు చెప్పడం కాకుండా, తిన్నగా అతనితో అన్న మొదటి మాట అదే.

కంట్రోలరుగారు ఫారం మీద 'రద్దు' అని రాసి, నమ్మకం చాలక కింద ఇంకోసారి రాశారు. పరీక్ష గదిలోకి వస్తువులు విసిరినందుకు పీడీ ఆ ఏడాదంతా పరీక్షల మేడ ఛాయలకు రాకూడదన్నారు. అంతలో మైదానం నుంచి తీర్పు వచ్చింది. తప్పు గంట కొట్టినందువల్ల పందెం చెల్లదు. వాన జాడ లేదు కాబట్టి సాయంత్రం నాలుగింటికి మళ్లీ జరుగుతుంది. గంట కొట్టిన పెద్దమనిషి ఆ ఏడాదంతా మైదానంలో అడుగుపెట్టకూడదు.

"అసలెందుకు కొట్టావు బావా?" అన్నాడు పీడీ మెట్లు దిగబోతూ, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

"ఐదు నిమిషాలుంది కదోయ్."

పదకొండూ యాభై అయిదుకు గంట మోగింది. బాణం తలెత్తలేదు, ఐదు నిమిషాలూ రాసింది. పన్నెండుకి పేపరిచ్చాక మేష్టారు ఉండబట్టలేక అడిగారు.

"అందరూ గంట విని పరుగెత్తారు గదమ్మా. నువ్వెందుకు పరుగెత్తలేదు?"

"మీ గంట నాకు తెలీదా సార్? నాలుగోసారి రాస్తున్నాను" అంది బాణం. "మొదటిసారి అది విని లేచెళ్లిపోయి మూడు మార్కులు పోగొట్టుకున్నాను. మీ గంట మోగిందంటే అయిపోయిందని కాదు. ఇంకా టైముందని."

మేష్టారు జవాబు పత్రం కవరులో పెట్టి, లక్క వేసి, కావలసినదానికంటే ఎక్కువసేపు ముద్ర నొక్కుతూ ఉండిపోయారు.

నాలుగింటికి ఆకాశంలో మబ్బుతునక లేదు. మేష్టారు మైదానం బయట కంచె దగ్గర నిలబడ్డారు, ఆయన అడుగు ముందుకు వెయ్యకుండా పక్కన భార్య కాపలా. గంటను ఆవిడ లాక్కుని చేతిసంచిలో అడుగున పెట్టేసింది. పీడీ లోపల ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఇనప తీగల వల, అందులో గుప్పెడేసి కన్నాలు. అసలైన గంట మనిషి ఈసారి మూడింటికే వచ్చి కూర్చున్నాడు.

పొద్దున బడ్డ పాట్లకు ఆరుగురి కాళ్లూ అలిసే ఉన్నాయి. బాణం కాళ్లు కూడా అలిసే ఉన్నాయి, పైగా మూడు గంటల పరీక్ష. రెండు చుట్లు తిరిగేసరికి ఆమె ఐదో స్థానంలో ఉంది, మొహం వాడిపోయింది. పీడీ ఈల కొరుకుతున్నాడు.

ఆఖరి చుట్టుకు గంట మోగింది. ఒకసారి మోసపోయిన ఆరుగురూ పరుగు తగ్గించకపోయినా తలలు మాత్రం తిప్పారు. ఇది నిజం గంటా, పొద్దుటి గంటా? కొట్టిందెవరు? ఒకమ్మాయి ఏకంగా వేళ్లు మడిచి చుట్లు లెక్కపెట్టుకుంది. బాణం కూడా తల తిప్పింది, కానీ గంటవైపు కాదు, కంచెవైపు. అక్కడ మేష్టారు రెండు చేతులతో వలను పట్టుకుని వేలాడుతున్నారు. రెండు చేతుల్లోనూ గంట లేదు. అయితే ఇది ఆయన గంట కాదు. ఇంక టైము లేదు.

మిగతావాళ్లు అనుమానం తీర్చుకునేలోపల ఆమె వాళ్లను దాటి ఇరవై అడుగులు పోయింది. ఆ ఇరవై అడుగులూ ఆఖరి వరకు మిగిలాయి. పీడీ మైదానంలో గంతులేస్తూ కంచె దగ్గరకు పరుగెత్తుకొచ్చి వల కన్నాల్లోంచి బావగారి వేళ్లు పట్టుకున్నాడు.

"చూశావా బావా!"

"కనుచూపు దాటనివ్వలేదు" అన్నారు మేష్టారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ హాజరు పట్టిక మాట ఎత్తలేదు. ఎత్తితే ఊరుకోనని ఆవిడ ముందే చెప్పింది, గంట కూడా ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. పేపరు వేరే ఊరి మేష్టారెవరో దిద్దారు. డెబ్బై వస్తుందని అందరూ అనుకున్నారు, అరవై రెండు వచ్చింది. పాసుకు నలభై చాలు. ఫలితం వచ్చిన రోజున బాణం జాతీయ పోటీల్లో ఉంది కాబట్టి ఆమె తరఫున నోటీసు బోర్డు చూసింది మేష్టారే. ఒకటికి రెండుసార్లు చూశారు, కంట్రోలరుగారిలాగా.

మరుసటి నెల పరీక్షల నియమావళి కొత్త ప్రతి వచ్చింది. పదిహేడో నియమంలో కారణం అడగరాదన్న మాట అలాగే ఉంది, దాని కింద మేష్టారే స్వయంగా రాసిచ్చిన వాక్యం ఒకటి చేరింది: 'ఇన్విజిలేటరు అభ్యర్థి వెంట వెళ్లునపుడు గంటను గదిలోనే ఉంచవలెను.'